ఏజెన్సీ కొలువు ఎవరిది?

వాది: బడిలోనో, దవాఖానాలోనో, తహసీల్దారు కార్యాలయంలోనో బల్లకు అవతల కూర్చున్న ఉద్యోగి ఏ కులంవాడు, ఏ తెగవాడు అని బల్లకు ఇవతల నిలబడిన మనిషి ఆరా తీయవలసిన అవసరం రాకూడదు, ప్రజాసేవ అన్న మాటకు విలువ ఉండేది ఆ హామీ ఉన్నంతవరకే. 2000 జనవరి 10న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన మూడో నంబరు జీవో ఆ హామీని ఒక ప్రాంతం మేరకు పక్కన పెట్టింది. షెడ్యూల్డ్ ప్రాంతాలలో, అంటే రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నరుకు ప్రత్యేక బాధ్యత ఉన్న, వాడుకలో ఏజెన్సీ అని పిలిచే ప్రాంతాలలో, ఉపాధ్యాయ పోస్టులన్నింటినీ స్థానిక గిరిజన అభ్యర్థులతోనే నింపాలని, వాటిలో మూడో వంతు మహిళలకు ఇవ్వాలని ఆ ఉత్తర్వు చెప్పింది. స్థానికులు అనిపించుకోవడానికి అభ్యర్థి గానీ తల్లిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటున్నవారై ఉండాలి. నూటికి నూరు కేటాయించినప్పుడు మిగిలినవారికి పోటీ పడే వీలే ఉండదు. ఉట్నూరులో తరాలుగా బతుకుతున్న దళిత కుటుంబంలోని అమ్మాయి డీఎడ్ పూర్తిచేసి, టెట్ గట్టెక్కినా, తన వీధి చివరనున్న బడిలో ఖాళీకి దరఖాస్తు పెట్టుకోలేదు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ జీవోను కొట్టివేస్తూ, గిరిజనులకు గిరిజనులే చదువు చెప్పాలన్న ఆలోచననే తప్పుపట్టింది. ఆ మాటలో కటువుదనం ఉందనవచ్చు గానీ అన్యాయం ఉందనలేము.

ప్రతివాది: ఆ ఆలోచన 2000లో పుట్టినది కాదు, హైదరాబాదులో పుట్టినదీ కాదు. 1940లో జోడేఘాట్ వద్ద గోండు తిరుగుబాటు నాయకుడు కుమ్రం భీం హతుడైన తరువాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోక తప్పని స్థితి నిజాం ప్రభుత్వానికి ఏర్పడింది. అందుకోసం ఆదిలాబాద్ అడవులకు వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌కు కనిపించినదేమిటంటే, గోండు గూడేనికీ సర్కారు కచేరీకీ నడుమ మాట దాటించే మనిషి ఎప్పుడూ బయటివాడే, పట్టా కాగితం ఏ పేరు మీద పడాలో తేల్చేదీ అతడే. 1943లో ఆ అడవుల్లోని మార్లవాయి అనే గోండు ఊరిలో మొదలైన శిక్షణ కేంద్రం దీనికి జవాబుగా వచ్చింది. అక్కడ గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేశారు. ఆ క్రమంలోనే పట్వారీ పనికి, అటవీశాఖలో గార్డు పనికి కూడా తర్ఫీదు ఇచ్చారు. గోండీ వాచకాలను నాగరి లిపిలో అచ్చువేశారు. అంటే బడిని కొలువు నుంచి, కొలువును భూమి నుంచి విడదీసి చూడలేదు. ఒక సమాజపు యువకులు తమ సమాజానికి సర్కారు తరఫున సేవ చేసేవారుగా మారితే తప్ప ఆ సేవ అందదన్న అనుభవం అక్కడిది. మూడో నంబరు జీవోను సమర్థిస్తూ ప్రభుత్వం కోర్టు ముందు పెట్టిన కారణం కూడా ఈ కోవలోదే: మారుమూల బడులకు బయటినుంచి వేసిన ఉపాధ్యాయులు రావడం లేదు. బదిలీ కాగితం చేతికి వచ్చేదాకా రోజులు లెక్కపెట్టే పంతులు ఉన్న చోట సమానత్వ సూత్రం గోడమీది రాతగానే మిగులుతుంది.

వాది: గైర్హాజరుకు మందు హాజరు పట్టిక, అక్కడే ఉండేందుకు ఇల్లు, రోడ్డు, తనిఖీ. రాని ఉపాధ్యాయుడిని శిక్షించలేని ప్రభుత్వం, తన అసమర్థతకు పరిహారంగా ఇంకొకరి హక్కును తీసుకుంటానంటే ఒప్పుకోవడం కష్టం. అయితే మార్లవాయి ప్రస్తావన తెచ్చారు గనుక దానినే తరచి చూడాలి. ఆ కేంద్రం వెతికింది గోండీ మాట్లాడగలిగి, అక్షరం వచ్చిన వారిని. అక్కడ అర్హత భాషే. మూడో నంబరు జీవో మాత్రం తెగను అడిగింది, నివాసాన్ని అడిగింది, భాషను అడగలేదు. ఆదిలాబాద్ ఏజెన్సీలో తెగ పేరు చూసి భాష చెప్పడం సాధ్యం కాదు. గోండులు, తోటీలు గోండీ మాట్లాడతారు. కోలాముల కోలామీ ద్రావిడ భాషే అయినా గోండీకి దూరపు చుట్టం. నిజానికి గోండీకి కోలామీ కంటే తెలుగే దగ్గర. ప్రధానుల ఇళ్లలో మరాఠీ వినిపిస్తుంది, అంధ్ తెగవారిదీ మరాఠీయే, నాయకపోడులు తెలుగువారు, లంబాడాలది వేరే భాషాకుటుంబానికి చెందిన గోర్‌బోలీ. ఇన్ని భాషల పిల్లలు ఒకే గదిలో కూర్చునే చోట, పంతులు ఎస్టీ అయితే చాలు పిల్లవాడికి అర్థమైపోతుందనుకోవడం, బయటివారు గిరిజనులందరినీ ఒకటిగా చూసే అలవాటుకు మరో రూపం మాత్రమే. కోలాం గూడేనికి లంబాడా ఉపాధ్యాయుడు వెళ్లినా జీవో ప్రకారం లెక్క సరిపోయేది. పిల్లవాడి లెక్క సరిపోయిందా?

ప్రతివాది: సరిపోలేదు, ఆ లోపాన్ని కాదనడానికి వీల్లేదు. జీవో రాసినవారు భాషను మరిచిపోవడం వల్లనే కోర్టులో దాని నడుము విరిగిందని కూడా అనవచ్చు. కానీ భాష ఒక్కటే ప్రశ్న అయితే అనువాదకుడిని పెట్టుకుంటే సరిపోయేది. 2011 జనాభా లెక్కల నాటికి ఉమ్మడి ఆదిలాబాద్ జనాభాలో గిరిజనులు దాదాపు 18 శాతం. వారి ఊళ్లలో చదువుకున్న యువకుడికి కళ్లముందు కనిపించే సర్కారు జీతం ఏది? గనుల్లో, రైల్వేలో, బ్యాంకులో కాదు, ఊరి బడిలోనే. ఆ జీతం గూడేనికి చేరితే దానివెంట చాలా చేరతాయి. దండారీ రోజుల్లో, అంటే దీపావళి వేళ గోండులు జరుపుకునే పండుగ నాళ్లలో, సెలవెందుకో బయటివారికి వివరించనక్కరలేని పంతులు, రాయ్ సెంటర్‌లో, అంటే గోండు పెద్దలు కూర్చుని తగవులు తీర్చే చోట, ఒక కాగితం చదివి వినిపించగల మనిషి, పిల్లను బడి మాన్పించాలనుకున్న తండ్రితో పట్టుబట్టి మాట్లాడగల చుట్టం వస్తాడు. ఇవన్నీ ఉద్యోగ నిబంధనల్లో రాయని పనులు. పల్లెలో ప్రజాసేవ నడిచేది సగం వీటిమీదే.

పైగా, స్థానికుడికే కొలువు అన్న మాటను సంకుచితమని అనే హక్కు తెలంగాణలో ఎవరికి ఉంది? పదిహేనేళ్లు ఉన్నవాడికే ఉద్యోగమన్న ముల్కీ నిబంధన 1919 నాటిది. 1969 ఉద్యమం దానికోసమే రగిలింది. స్థానికేతరులను వారి జోన్లకు పంపాలన్న 610 జీవో 1985 డిసెంబరు 30న వచ్చి, అమలుకాక, మరో తరం యువకులను వీధిలోకి తెచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో మూడోదాని బలం ఎంతో కరీంనగర్ వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వు జిల్లా నుంచి మల్టీ జోన్ దాకా పోస్టుల్లో 95 శాతం స్థానికులకు ఉంచింది. కరీంనగర్ యువకుడు కోస్తా యువకుడిని చూసి అడిగినప్పుడు ఆత్మగౌరవమైనది, మార్లవాయి యువకుడు కరీంనగర్ యువకుడిని చూసి అడిగినప్పుడు వివక్ష ఎట్లా అయింది?

వాది: ప్రశ్న పదునైనదే, తప్పించుకోదగినది కాదు. జవాబు మాత్రం ఉంది. ముల్కీ అయినా, 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అయినా, దానికి బదులు వచ్చిన 2018 నాటిదైనా అడిగింది మనిషి ఎక్కడ ఉన్నాడు, ఎక్కడ చదివాడు అని. జగిత్యాలలో చదివిన ఉర్దూ కుటుంబపు అబ్బాయి, గోదావరిఖనిలో చదివిన బీహారు గని కార్మికుడి కూతురు ఆ లెక్కలో స్థానికులే; పుట్టిన కులంతో పని లేదు. చదువు ద్వారా ఎవరైనా అందుకోగల స్థానికత అది. 1950 నుంచి ఉన్న తెగ అన్న స్థానికతను మాత్రం ఎవరూ సంపాదించుకోలేరు, దానిలో పుట్టాలి. ఒకటి తలుపుకు గడియ, రెండోది గోడ. ఇంకొకటి: నివాసాన్ని బట్టి ఉద్యోగానికి హద్దు గీసే అధికారాన్ని రాజ్యాంగం 16(3) అధికరణంలో పార్లమెంటుకే ఇచ్చింది. తెలంగాణ స్థానికత 371-డి అనే ప్రత్యేక అధికరణం మీద నిలబడింది. గవర్నరు పేరిట వచ్చిన ఒక జీవోకు అంత బలం లేదని కోర్టు చెప్పడంలో వింత లేదు.

ప్రతివాది: జీతం సరిగా లేని చోట మాత్రం ఈ గోడలు ఎవరికీ అడ్డు రావు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో వచ్చిన ఆశా కార్యకర్త తప్పనిసరిగా ఆ ఊరి మహిళే అయి ఉండాలి. అంగన్‌వాడీ టీచరూ స్థానికురాలే. జ్వరాల కాలంలో గూడెం గూడెం తిరిగి రక్తపు చుక్క తీయించేది, గర్భిణిని ఉట్నూరు ఆసుపత్రికి బయలుదేరదీసేది వారే. ఊరిమనిషి అయితేనే ఊరు తలుపు తీస్తుందని సర్కారుకు బాగా తెలుసు. ప్రోత్సాహకం మీద, గౌరవ వేతనం మీద పనిచేయించుకునేటప్పుడు ఊరిమనిషి కావడం అర్హత. క్రమబద్ధమైన జీతం, పింఛను వచ్చే చోటికి రాగానే అదే సమానత్వానికి భంగం.

వాది: ఇది నిజమైన దెబ్బ. దానికి ఎదురు చెప్పడం కంటే ఒప్పుకోవడమే మర్యాద.

(ఈ ఒప్పుకోలు చిన్నది కాదు. యువజన సేవ అన్న పేరుతో దేశంలో నడిచినదంతా చాలావరకు ఈ గీతకు ఇవతలే ఉంది. 1969లో వచ్చిన జాతీయ సేవా పథకం, 1972లో మొదలైన నెహ్రూ యువ కేంద్రాలు యువకుడి ఉత్సాహాన్ని అడిగాయి గానీ అతడికి శాశ్వతమైన స్థానం చూపలేదు. వాది ఆ సంగతి ఎరిగే ఇక్కడ ఆగాడనుకోవాలి.)

వాది: అయినా ఆ దెబ్బ తగిలేది ఆశా కార్యకర్తకు తక్కువ ఇచ్చే విధానానికి, ఉపాధ్యాయ పోస్టును మూసివేయడానికి అది సమర్థన కాదు. మధ్యేమార్గం ఒకటి కళ్లముందే ఉంది. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా చేశాక కలెక్టరేట్లలో ఉర్దూ అధికారులను నియమించారు. ఆ పోస్టుకు మతం అడగలేదు, ఉర్దూ వచ్చా అని అడిగారు. కరీంనగర్ ప్రజావాణిలో, అంటే సోమవారం నాడు కలెక్టరు అర్జీలు తీసుకునే వేదికలో, ఉర్దూలో రాసిన అర్జీని చదవగలవాడు ఉండాలన్నది అవసరం. ఆ చదివేవాడు ఎవరైనా కావచ్చు. రాజ్యాంగం 350వ అధికరణం కూడా దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకునే హక్కు ఇస్తుంది. ఏజెన్సీలోనూ అదే చేయాలి. గోండీ బడికి గోండీ పరీక్ష, కోలాం గూడేనికి కోలామీ పరీక్ష పెట్టి, నెగ్గిన ఎవరికైనా పోస్టు ఇవ్వాలి. ఫలితంలో నూటికి తొంభై మంది గోండు యువకులే రావచ్చు, రానివ్వండి. ఉట్నూరు దళిత అమ్మాయి చిన్నప్పటినుంచి గోండీ వింటూ పెరిగినదైతే ఆమెకూ చోటుంటుంది.

ప్రతివాది: కాగితం మీద ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు. దాన్ని నేలమీదికి దించినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఉర్దూకు విశ్వవిద్యాలయం ఉంది, డిగ్రీ ఉంది, లిపి గురించి తగాదా లేదు, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో, అంటే ప్రభుత్వం గుర్తించి పెంపొందించవలసిన భాషల జాబితాలో, స్థానం ఉంది. 2011 లెక్కల ప్రకారం దేశంలో గోండీని మాతృభాషగా చెప్పుకున్నవారు 29 లక్షలు దాటినా ఆ షెడ్యూలులో గోండీ లేదు. హైమండార్ఫ్ కాలంలో నాగరిలో రాశారు; 1956లో తెలుగు రాష్ట్రం ఏర్పడ్డాక బడి తెలుగులోకి మళ్లింది; నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలను గుర్తించే ప్రపంచ పట్టికలో, చేరింది; మసరం గోండీ అనే మరో లిపి అంతకు ముందటి ఏడే చేరింది. పరీక్షపత్రం ఏ లిపిలో ఉండాలి? దిద్దేవారెవరు? ఇంకా ఇబ్బందికరమైన సంగతి మరొకటి ఉంది. ఆశ్రమ పాఠశాలలో, అంటే గిరిజన సంక్షేమ శాఖ నడిపే వసతి బడిలో, ఆరేళ్ల వయసునుంచి తెలుగులో చదివి వచ్చిన గోండు యువకుడికి గోండీ మాట వస్తుంది, రాత రాదు. ఆ భాషను బడి అతడి చేతికి ఎన్నడూ ఇవ్వలేదు. ఇవ్వని దానిలో పరీక్ష పెట్టి, తప్పాడని పోస్టు ఇంకొకరికి ఇస్తే, ఆ పరీక్షకు శిక్షణ కేంద్రాలు వెలిసేది హైదరాబాదు అశోక్‌నగర్‌లోనే గానీ జైనూర్‌లో కాదు.

వాది: రాతపరీక్ష బదులు మౌఖిక పరీక్ష పెట్టవచ్చు, ఊరి పెద్దల ఎదుట పాఠం చెప్పించి చూడవచ్చు. ఇవి యంత్రాంగానికి సంబంధించిన చిక్కులు, సూత్రానికి సంబంధించినవి కావు. కానీ పుట్టుకను అర్హతగా ఒకసారి ఒప్పుకుంటే అది ఎక్కడ ఆగుతుందో ప్రతివాది చెప్పలేదు. 1976 సవరణ చట్టంతో తెలంగాణ లంబాడాలకు ఎస్టీ హోదా వచ్చింది. పొరుగున మహారాష్ట్రలో వారు ఎస్టీలు కారు, కర్ణాటకలో ఎస్సీలు. 2017 చివరలో ఆదిలాబాద్ ఆదివాసీలు లంబాడాలను జాబితానుంచి తీసివేయాలని కదిలినప్పుడు ఆ కదలిక ముందు వరుసలో ఉన్నది యువకులే. ఆదివాసీ ఊళ్ల బడుల్లోకి లంబాడా ఉపాధ్యాయులను రానివ్వకుండా అడ్డుకున్నదీ వారే. జీవో దృష్టిలో ఆ ఉపాధ్యాయులు పూర్తి అర్హులు. గిరిజనులకు గిరిజనులు అన్న సూత్రం కొన్నాళ్లకు గోండులకు గోండులు, కోలాములకు కోలాములు, తండాకు తండావారు అని చీలుతూ పోయింది. ఆ దారిలో చివరికి ప్రజాసేవ ఉండదు, పంపకం ఉంటుంది.

ప్రతివాది: చీలికకు కారణం సూత్రమా, కొరతా? పోస్టులు పదులలో, చదువుకున్నవారు వేలలో ఉన్న చోట ఏ సూత్రం పెట్టినా తగవు వస్తుంది. ముందుగా ఆశ్రమ పాఠశాలలు చేరిన ఊళ్లు, రోడ్డు పక్కన ఉన్న ఊళ్లు పోటీలో ముందుంటాయి. అడవి లోపలి కోలాం గూడెం వెనకబడుతుంది. ఒకే జాబితాలో ఇద్దరినీ పెట్టి పోటీకి వదిలిన తరువాత ఓడినవాడు గెలిచినవాడి పుట్టుకను ప్రశ్నించాడు. లంబాడా యువకుడు చేసిన తప్పేమీ లేదు. చదువుకున్నాడు, పరీక్ష రాశాడు, వేసిన చోటికి వెళ్లాడు. అతడిని గేటు దగ్గర ఆపడం అన్యాయమే. కానీ ఆ గేటు దగ్గర నిలబడ్డ గోండు యువకుడి ప్రశ్నకు జవాబు, నీకు ప్రశ్నించే హక్కు లేదని చెప్పడం కాదు.

(లంబాడాల మాట వచ్చినప్పుడు ఇద్దరి స్వరమూ తగ్గింది. జాబితాలో ఎవరుండాలన్నది ఈ సంవాదం తేల్చగల విషయం కాదన్న వివేకం కావచ్చు. రెండు పక్షాల చదువరులూ ఈ పుట తెరుస్తారన్న జంకూ కావచ్చు.)

వాది: మరి ఏ ఊరూ తమది కానివారి సంగతి? నవంబరు, డిసెంబరు నెలల్లో పశ్చిమ ఒడిశానుంచి వచ్చి పెద్దపల్లి చుట్టూ ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకునే కుటుంబాల పిల్లలు ఎండాకాలం చివరిదాకా ఇక్కడే ఉంటారు. కాగజ్‌నగర్ పరిసరాల్లో బెంగాలీ శరణార్థుల ఊళ్లున్నాయి. స్థానిక సమాజపు యువకుడే సేవ అందించాలన్న సూత్రంలో బట్టీ పిల్లవాడికి చోటెక్కడ? అతడి వెనక తెగ పెద్ద లేడు, ఓటు లేదు, జీవో లేదు. అతడికి దిక్కు ఏ భాషవాడినైనా చేర్చుకోవలసిన ఉమ్మడి బడి ఒక్కటే. మాతృభాషలో బోధన వీలైనంతవరకు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం అంటుంది. ఆ వీలు కల్పించవలసింది ఉమ్మడి బడిలోనే. సేవను సమాజాలవారీగా పంచితే బలమైన సమాజానికి బలమైన సేవ, ఒంటరివాడికి సున్న.

ప్రతివాది: ఒంటరివాడి విషయంలో ఉమ్మడి పౌరసేవను మించిన ఆధారం లేదన్నది ఒప్పుకోవలసిందే, గోండు పక్షాన మాట్లాడేవారు తరచు మరిచే సంగతి ఇది. కానీ బట్టీ పిల్లవాడు ఉమ్మడి బడిలో చేరాక కూడా ఒడియా తెలిసిన ఒకరు పక్కన లేకపోతే గదిలో ఉన్నాడన్న పేరే గానీ చదువులో లేడు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ కుటుంబాలకు ఇది పరాయి సంగతి కాదు. గల్ఫ్‌లో జీతం రాక, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కినవాడు రాయబార కార్యాలయానికి వెళ్లినప్పుడు, తన మాట తెలుగులో వినే మనిషి ఎదురైతే తనకు దక్కేదేమిటో, ఎదురుకాకపోతే పోయేదేమిటో ఆ ఊళ్లవారికి తెలుసు. ఎడారి దేశంలో తెలుగు మనిషి కావాలని కోరడం సహజమైతే, ఇంద్రవెల్లిలో గోండీ మనిషి కావాలని కోరడం కూడా అంతే సహజం.

సర్కారు ఆ మనిషిని పంపకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు. 1978 సెప్టెంబరులో దొరల పెత్తనానికి ఎదురుగా సాగిన జగిత్యాల జైత్రయాత్రకు కదిలిన యువకులు, ఆ తరువాత నక్సలైట్లుగా అడవి దారి పట్టినవారు, గూడేల్లో చేసిన మొదటి పని ఏమిటి? గోండీ నేర్చుకోవడం. తహసీలు కచేరీ నేర్చుకోని భాషను దళాలు నేర్చుకున్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సభకు వచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిన నాటికి, భూమి గోడు చెప్పుకోవడానికి వారికి నమ్మకం కుదిరిన మధ్యవర్తి కచేరీలో లేడు. ఆ తరువాతి దశాబ్దాల్లో యువజన సేవ పేరిట గూడేలకు వచ్చినదానిలో వాలీబాల్ కిట్లు, ఉద్యోగ మేళాలు పోలీసు శాఖ చేతుల మీదుగా రావడం వట్టి యాదృచ్ఛికం కాదు.

వాది: చరిత్ర చెప్పిన హెచ్చరికను కాదనలేము, అయితే భయం మీద కట్టిన విధానం ఎక్కువ కాలం నిలవదు. తిరుగుబాటు వస్తుందని కొలువు ఇస్తే, తిరగబడని కోలాముకు ఏమీ దక్కదు. కేస్లాపూర్ నాగోబా జాతరలో 1940వ దశకంనుంచి దర్బారు జరుగుతున్నది. అధికారులే గోండుల ముందుకు వచ్చి కూర్చుని గోడు వింటారు. ఉద్యోగి ఏ తెగవాడన్నది కాక, ఉద్యోగి ఎక్కడికి వచ్చి కూర్చున్నాడు, ఎవరికి జవాబుదారీ అన్నది ముఖ్యమని ఆ దర్బారే చూపుతుంది.

ప్రతివాది: ఏడాదికి ఒకసారి. మిగిలిన రోజుల్లో ఎవరుంటారన్నదే అసలు తగవు. భాషా పరీక్ష తయారయ్యేదాకా బడులు ఎవరు నడపాలో వాది చెప్పనేలేదు. ఇప్పుడు నడుపుతున్నది చాలాచోట్ల సీఆర్టీలు, అంటే ఆశ్రమ పాఠశాలల్లో ఒప్పందం మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న ఉపాధ్యాయులు. వారిలో ఎక్కువమంది ఆ ప్రాంతపు యువకులే. అంటే కోర్టు వద్దన్న స్థానికతనే తక్కువ జీతానికి సర్కారు వాడుకుంటున్నది. వారిని క్రమబద్ధం చేస్తే?

వాది: చేస్తే అసలు ముప్పు అక్కడే ఉంది. 2020 తీర్పు అప్పటిదాకా జరిగిన నియామకాలను కాపాడుతూనే, ప్రభుత్వాలు మళ్లీ 50 శాతం హద్దు దాటితే ఇలాంటి జీవో మొదట వచ్చిన 1986 నుంచి జరిగిన నియామకాలకు కూడా రక్షణ ఉండదని షరతు పెట్టింది. ఒక కొత్త తరానికి పోస్టులు ఇవ్వబోయి పాత తరం పంతుళ్ల కొలువులను పణంగా పెట్టడమవుతుంది.

ప్రతివాది: అందుకే తెగను అడగని దారి ఒకటి చూడాలి. 371-డి అధికరణం రాష్ట్రంలోని ఏ భాగాన్నయినా స్థానిక ప్రాంతంగా ప్రకటించే వీలు రాష్ట్రపతికి ఇస్తుంది. జిల్లాను ప్రకటించినట్టే ఏజెన్సీని ప్రకటించవచ్చు. అక్కడి బడిలో చదివినవారే అక్కడి పోస్టుకు స్థానికులు. వాది కోరినట్టు ఉట్నూరు దళిత అమ్మాయికి చోటుంటుంది, పుట్టుక అడగనక్కరలేదు, ముల్కీ వారసత్వానికీ సరిపోతుంది.

వాది: సూత్రం ప్రకారం దానికి అభ్యంతరం చెప్పడానికి ఏమీ లేదు, అయినా ఒక అనుమానం మిగులుతున్నది. గిరిజనేతరులకు ఏజెన్సీ భూమి బదలాయించకూడదన్న 1970 నాటి ఒకటో నిబంధన, అందరూ 1/70 అనేది, ఉండగానే అక్కడ స్థిరపడిన వ్యాపారుల, షావుకార్ల పిల్లలు కూడా అక్కడి బడుల్లోనే చదివారు. ఇంట్లో తెలుగు, చేతిలో డబ్బు, పట్నంలో కోచింగ్ ఉన్నవారు వారే. ఏజెన్సీని స్థానిక ప్రాంతం చేసిన మొదటి డీఎస్సీ ఉపాధ్యాయ నియామక జాబితాలో పై వరుసలో ఎవరి పేర్లుంటాయో ఊహించడం కష్టం కాదు. హైమండార్ఫ్ మార్లవాయిలో తప్పించాలని చూసిన మధ్యవర్తి, ఈసారి స్థానికుడిగా సర్టిఫికెట్ పట్టుకుని బడిలోకి వస్తాడు.

ప్రతివాది: అయితే వాది నోటినుంచే తెగ మళ్లీ బయటికి వచ్చినట్టయింది.

వాది: వచ్చింది. దాన్ని యాభై శాతం దగ్గర ఆపాలా, అంతకు పైకి పోవాలంటే ఏ లెక్కలు, ఏ ఊళ్లవారీ భాషా సర్వే కోర్టు ముందు పెట్టాలి అన్నది ఇంకా మాట్లాడుకోవలసే ఉంది.

ప్రతివాది: ఆ సర్వేకు గూడేల్లోకి వెళ్లి, ఏ ఇంట్లో ఏ భాష అని అడిగి రాసుకురావలసింది మళ్లీ ఆ ఊరి యువకులే. వారికి రోజుకూలీ ఇస్తారా, కొలువు ఇస్తారా అన్నది ముందు తేలాలి.